ఫోన్ తీసుకున్నాక చేతిలో ఏం పెట్టాలి?

ఒక్కరే కూర్చుని ఆడే బోర్డ్ గేమ్స్ గురించి, చిన్నప్పటి నుంచి వీడియో గేమ్స్ ఆడిన ఒక టీచర్ చెప్పే మాటలు



గత ఏడాది ఒక పీటీఎంలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఎనిమిదో తరగతి బాబు, వాళ్ళ అమ్మగారు నా బల్ల ముందు కూర్చున్నారు. "ఫోన్ లేకపోతే ముద్ద దిగదు మేడమ్. మేమిద్దరం డ్యూటీల నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. అప్పటిదాకా అందులోనే ఉంటాడు" అన్నారు ఆవిడ. నేను అందరికీ చెప్పేదే చెప్పాను. "ఫోన్ ఇవ్వకండి. రెండు వారాలు ఏడుస్తాడు, తర్వాత అలవాటు పోతుంది."

బాబు తల వంచుకునే అన్నాడు: "మిస్, మీరు కూడా బస్‌లో ఆడతారు కదా."

వాళ్ళమ్మగారు వాణ్ని మోచేత్తో పొడిచారు. నేను నవ్వేసి మార్కుల షీట్ తిప్పాను. కానీ వాడు అన్నది నిజం. మా రూట్ బస్‌లో నేను ముందు సీట్లో కూర్చుంటాను, వాడు నా వెనక సీట్లో. భానూర్ వచ్చేదాకా నా చేతిలో ఏముంటుందో వాడు రోజూ చూస్తున్నాడు.

నేను వీడియో గేమ్స్‌తోనే పెరిగాను. ఐదో తరగతిలో మా అన్నయ్య వెంట పటాన్‌చెరులో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి రోడ్ రాష్ ఆడేదాన్ని. డిగ్రీలో మినీ మిలీషియా, బీఎడ్‌లో పబ్జీ. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధిస్తే దిగులుపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈ వ్యాసంలో "గేమ్స్ చెడ్డవి" అని చెప్పబోవడం లేదు. అలా చెప్పే అర్హత నాకు లేదు. ఆ పీటీఎం తర్వాత నేను వెతుక్కుంటే దొరికిన ఒక దారి గురించి మాత్రం చెబుతాను.

"బయటికి వెళ్ళి ఆడుకో" అంటే సరిపోతుందా?

సరిపోదని మీకే బాగా తెలుసు. మన పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు బీడీఎల్‌లోనో, పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లోనో పనిచేస్తారు. షిఫ్టులు మారుతుంటాయి. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకున్న నాన్నను లేపకూడదు. క్లాసులో పక్కన కూర్చునే స్నేహితుడు బస్‌లో ఇంకో రూట్‌లో వెళ్ళిపోతాడు. క్యారమ్స్‌కి ఇద్దరు కావాలి, క్రికెట్‌కి పదిమంది కావాలి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా ఇంట్లో ఉండేది పిల్లవాడు, నాయనమ్మ, టీవీ. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఒక్కడే ఉన్నా, "నాతో ఆడతావా" అని పలకరించేది ఫోన్ ఒక్కటే.

కాబట్టి ఫోన్ తీసేసుకున్నాక చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. అది ఒక్కరే ఆడుకోగలిగేదై ఉండాలి. అలాంటి బోర్డ్ గేమ్స్ ఉన్నాయా? ఉన్నాయి. కొత్తగా వచ్చినవీ కావు.

అటక మీద దొరికిన బోర్డు

పీటీఎం అయిన వారంలోనే ఒకరాత్రి మా ఇంట్లో కరెంటు పోయింది. ఫోన్‌లో చార్జింగ్ లేదు. కొవ్వొత్తి కోసం అటక మీద వెతుకుతుంటే నాన్న ఎప్పుడో కొన్న బ్రెయిన్‌విటా దొరికింది. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఉండే ఉంటుంది: గుండ్రటి ప్లాస్టిక్ బోర్డు, ప్లస్ గుర్తు ఆకారంలో 33 గుంటలు, 32 గోళీలు. మధ్య గుంట ఖాళీగా ఉంచి మొదలుపెట్టాలి. ఒక గోళీని పక్క గోళీ మీదుగా గెంతించి అవతలి ఖాళీ గుంటలో పెట్టాలి. దాటిన గోళీని తీసేయాలి. నిలువుగా, అడ్డంగా గెంతించవచ్చు, ఐమూలగా కుదరదు. చివరికి ఒక్కటే మిగలాలి.

గెంతుకు ఒక గోళీ పోతుంది. 32లో ఒకటి మిగలాలంటే సరిగ్గా 31 గెంతులు పడాలి. తక్కువా కుదరదు, ఎక్కువా కుదరదు.

ఈ ఆట వయసు 300 ఏళ్ళ పైమాటే. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఆస్థానంలోని ఒక రాకుమారి ఈ బోర్డు దగ్గర పెట్టుకుని కూర్చున్న చిత్రం 1697 నాటిది. గణితంలో కాలిక్యులస్‌కు పునాది వేసినవాళ్ళలో ఒకరైన లైబ్నిజ్‌కు కూడా ఇది ఇష్టమైన ఆట. ఆయన దీన్ని తిరగేసి ఆడేవాడు. గోళీలు తీసేయడానికి బదులు ఖాళీ గుంటలను నింపుకుంటూ వెళ్ళేవాడు. మనవైపు ఇద్దరు ఆడే వామన గుంటలకు కూడా తమిళనాడులో ఒక్కరే ఆడే పద్ధతి ఉంది. దాన్ని సీతాపాండి అంటారు. అశోకవనంలో సీతమ్మ ఒక్కతే కూర్చుని ఆడుకున్న ఆట అని అక్కడ చెప్పుకుంటారు. ఆఫీసు కంప్యూటర్‌లో మీరు ఆడిన సాలిటేర్ సంగతీ అంతే. 1990లో విండోస్ 3.0తో పాటు కంప్యూటర్‌లోకి వచ్చింది కానీ, అంతకు చాలాకాలం ముందు నుంచే జనం పేక ముక్కలు బల్ల మీద పరుచుకుని ఆడేవాళ్ళు.

ఆ రాత్రి నాకు ఐదు గోళీలు మిగిలాయి. మర్నాడు నాలుగు. వారం గడిచేసరికి రెండు. ఆ రెండూ ఐమూలగా నిలబడ్డాయి. ఒక్కదాన్ని ఒక్క గుంట పక్కకు జరిపితే చాలు, గెంతించి ముగించవచ్చు. గదిలో ఎవరూ లేరు. జరిపాను. గెంతించాను. ఒకటి మిగిలింది.

ఏమీ జరగలేదు. మెరుపులు రాలేదు, "విక్టరీ" అని అక్షరాలు పడలేదు, స్కోరు ఎక్కలేదు. నేను మోసం చేశానని నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అంత చిన్న విషయానికి సిగ్గేసింది. గోళీలన్నీ మళ్ళీ పేర్చాను.

అసలు తేడా అక్కడ ఉంది

వీడియో గేమ్‌లో రూల్స్‌ను కాపాడేది మెషీన్. గోడలోంచి వెళ్ళాలన్నా వెళ్ళనివ్వదు. లెక్కలు అదే వేస్తుంది, గెలిచావో ఓడావో అదే చెబుతుంది, తర్వాతి మ్యాచ్ అదే మొదలుపెడుతుంది. మనం చేయాల్సింది వేలు కదపడమే. "ఇంకొక్క ఆట" ఎప్పటికీ ఆఖరి ఆట కాకపోవడానికి ఇదే కారణం. అక్కడ ఆపే పని మనది కాదు, కొనసాగించే పని దానిది.

ఒక్కరే ఆడే బోర్డ్ గేమ్‌లో అన్నీ తిరగబడతాయి. బోర్డు పరచడం, రూల్ చదవడం, లెక్క వేయడం, ఓటమి ఒప్పుకోవడం, చివర్లో అన్నీ ఏరి డబ్బాలో పెట్టడం అంతా మన పనే. ఎదురుగా ఇంకో మనిషి ఉంటే "తొండి!" అని అరుస్తాడు. ఇక్కడ అరిచేవాళ్ళు కూడా లేరు. ఆటగాడూ, అంపైరూ ఇద్దరూ మనమే. ఇంకో ఆట కావాలంటే లేచి మళ్ళీ అన్నీ పేర్చుకోవాలి. ఆ రెండు నిమిషాల్లో "ఇక చాలు" అనిపించే అవకాశం ఉంటుంది. ఫోన్ ఆ రెండు నిమిషాలు మనకు ఇవ్వదు.

"ఎవరూ చూడకపోయినా నిజాయితీగా ఉండాలి" అని అసెంబ్లీలో ఏడాదికి పదిసార్లు చెబుతాం. దాన్ని ప్రాక్టీస్ చేసుకోవడానికి పిల్లలకు చోటెక్కడుంది? ఎగ్జామ్ హాల్లో ఇన్విజిలేటర్ ఉంటారు, కారిడార్‌లో సీసీ కెమెరా ఉంటుంది, ఇంట్లో మీరు ఉంటారు. తొండి చేసినా ఎవరికీ నష్టం లేని చోట, మానేసినా మెచ్చుకునేవాళ్ళు లేని చోట, తనంతట తాను మానడం ఈ ఆటలో కుదురుతుంది.

ఎదుటివాళ్ళు లేకుండా ఆట ఎలా నడుస్తుంది?

చాలామంది పేరెంట్స్ అడిగే మొదటి ప్రశ్న ఇదే. స్థూలంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది చిక్కుముడి పద్ధతి. బ్రెయిన్‌విటా ఈ రకమే. ప్రతిసారీ మొదలు ఒకటే, దారులు మాత్రం వేరు.

రెండోది ముక్కలు కలిపి ఆడే పద్ధతి. కలిపిన ప్రతిసారీ కొత్త పరిస్థితి వస్తుంది. 2018లో వచ్చిన 'స్ప్రాలోపోలిస్' అనే ఆటలో ఉండేవి 18 కార్డులే, జేబులో పడతాయి. మూడు కార్డులు తిప్పితే వాటి మీద ఈ ఆటకు పాయింట్లు ఎలా వస్తాయో ఉంటుంది. మిగిలిన 15తో ఒక ఊరు కట్టాలి. 18లోంచి 3 కార్డులు 816 రకాలుగా వస్తాయి. ఇంటర్ చదివే అన్నయ్యలకు, అక్కయ్యలకు కాంబినేషన్స్ లెక్క ఇదే.

జర్మన్ డిజైనర్ ఫ్రీడెమన్ ఫ్రీజె 2011లో చేసిన 'ఫ్రైడే' కూడా ఈ రకానిదే. ఇది ఒక్కరి కోసమే తయారైన ఆట, ఇద్దరు ఆడలేరు. డేనియల్ డిఫో 1719లో రాసిన 'రాబిన్సన్ క్రూసో' కథ పిల్లలకు తెలిసిందే కదా. ఇందులో మనం క్రూసో కాదు, అతనికి సాయపడే ఫ్రైడే. దీవిలో ఒక్కో ప్రమాదాన్నీ దాటించి చివరికి దొంగల ఓడలను ఓడించాలి. మొదట్లో క్రూసో చేతిలో ఉండేవన్నీ బలహీనమైన కార్డులు. ప్రమాదాన్ని గెలిస్తే ఆ కార్డు మనదై బలం పెరుగుతుంది. ఓడితే ఉన్న 20 ప్రాణాల్లో కొన్ని పోతాయి. కానీ పోయిన ప్రాణాలకు బదులుగా, పనికిరాని కార్డులను కొన్నింటిని ఆటలోంచి పూర్తిగా తీసేసే అవకాశం వస్తుంది. అంటే మొదట్లో చిన్న ఓటములు లేకపోతే చెత్త కార్డులు పోవు, చివర్లో అవే ముంచుతాయి. ఎక్కడ ఓడాలో ఎంచుకోవడం ఈ ఆటలో తెలివి. నేను వరుసగా తొమ్మిదిసార్లు ఓడాక గానీ ఈ సంగతి బోధపడలేదు.

మూడోది ఊహా ప్రత్యర్థి పద్ధతి. పక్షుల మీద ఎలిజబెత్ హార్‌గ్రేవ్ చేసిన 'వింగ్‌స్పాన్' ఆటకు 2019లో జర్మనీలో పెద్ద పురస్కారం వచ్చింది. మామూలుగా నలుగురైదుగురు ఆడవచ్చు. ఒక్కరే ఉంటే ఆ డబ్బాలోనే 'ఆటోమా' అనే చిన్న కార్డుల కట్ట ఉంటుంది. మన వంతు అయ్యాక ఒక కార్డు తిప్పితే, ఎదుటి ఆటగాడు ఉంటే ఏం చేసేవాడో అది చెబుతుంది. ఒక్కో కార్డు మీద ఒక్కో పక్షి, దాని గూడు, గుడ్లు, తిండి వివరాలు ఉంటాయి. మంజీర అభయారణ్యం దగ్గర్లో ఉండే మన పిల్లలకు ఆసక్తి పుట్టకుండా ఉండదు.

ఇంగ్లీష్ టీచర్‌గా ఇంకో లాభం చూశాను

ఈ ఆటల రూల్ బుక్స్ ఇంగ్లీష్‌లో ఉంటాయి. టెక్స్ట్ బుక్‌లో పాఠం అర్థం కాకపోయినా గైడ్ చూసి జవాబు రాసేయవచ్చు. రూల్ బుక్ అర్థం కాకపోతే ఆట ముందుకు సాగదు. 'మే' అంటే చేయవచ్చు, 'మస్ట్' అంటే చేసి తీరాలి. 'అప్ టు త్రీ' అంటే మూడు దాటకూడదు, 'ఎట్ లీస్ట్ త్రీ' అంటే మూడుకు తగ్గకూడదు. 'అన్‌లెస్' కనబడితే వాక్యం మొత్తం మళ్ళీ చదవాలి. 'ఫ్రైడే' ఆటనే చూడండి. ఓడితే ప్రాణాలు ఇవ్వడం 'మస్ట్', కార్డులు తీసేయడం 'మే'. ఈ రెండూ తారుమారైతే ఆట నాశనం. గ్రామర్ పీరియడ్‌లో నేను అరగంట చెప్పినా ఎక్కని తేడా, ఆట ఒకసారి చెడితే చక్కగా ఎక్కుతోంది.

"టీచర్‌వి, పేకాటా?"

ఇది మా అమ్మ నన్నడిగిన ప్రశ్న. ఒక ఆదివారం మంచం మీద పేక ముక్కలు పరుచుకుని సాలిటేర్ ఆడుతుంటే గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ భయం న్యాయమైనదే. పేకాటతో ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళ కథలు వినని ఇల్లు మనవైపు ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపుతూ చట్టం చేసింది.

అమ్మకు ఒక్కటే చెప్పాను: ఇందులో ఎదుటివాళ్ళు లేరు, పందెం లేదు, గెలిచినా పైసా రాదు. అయినా మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ముక్కలు చూస్తేనే ఇబ్బంది అనిపిస్తే వాటి జోలికి పోకండి. గోళీలు, చింతగింజలు చాలు.

ఈ ఆదివారం ఇంట్లో ఇలా మొదలుపెట్టండి

1. ఏమీ కొనకండి. పెద్ద డబ్బాల ఆటలు చాలావరకు విదేశాల నుంచి వచ్చేవి, ఖరీదు వేలల్లో ఉంటుంది. ముందు గచ్చు మీద సుద్దముక్కతో గీయండి. వరుసగా 3, 3, 7, 7, 7, 3, 3 గళ్ళు, మొత్తం 33. చింతగింజలు 32.

2. 32తో మొదలుపెట్టకండి. ముందు ఈ చిన్న లెక్క ఇవ్వండి. మధ్య గడిలో ఒక గింజ, దాని కింద ఒకటి, మధ్య గింజకు పైన వరుసగా రెండు. ఆ రెండింటిలో మధ్యకు దగ్గరగా ఉన్నదానికి అటొకటి, ఇటొకటి. మొత్తం 6. ఐదు గెంతుల్లో ఒక్కటే మిగలాలి, అది కూడా సరిగ్గా మధ్య గడిలో. చిన్న సూచన: మొదటి గెంతు లోపలికి కాదు, పక్కకు. ముందు మీరు చేసి చూడండి.

3. పెద్ద ఆటలో అందరూ చేసే పొరపాటు, మధ్యలో ఉన్నవన్నీ ముందు ఖాళీ చేయడం. అలా చేస్తే చివరి కొమ్మల్లో గింజలు ఒంటరిగా చిక్కుకుపోతాయి. కొమ్మలు ముందు ఖాళీ చేయడం నేర్చుకోవాలి. కానీ ఈ మాట పిల్లలకు వెంటనే చెప్పకండి. కనీసం వారం ఆగండి.

4. పక్కన కూర్చుని "అది కాదు, ఇది జరుపు" అనకండి. ఇది ఇంకో ట్యూషన్ అయిపోతే ఆ సాయంత్రమే ఫోన్ దగ్గరికి తిరిగి వెళ్ళిపోతారు. మార్కులతో, బహుమతులతో ముడిపెట్టకండి.

5. డ్యూటీ నుంచి వచ్చాక ఒక్క ప్రశ్న అడగండి: "ఈరోజు ఎన్ని మిగిలాయి?" చెప్పిన అంకె నమ్మండి. పరీక్షించకండి.

6. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే గోళీలు, గింజలు వాళ్ళకు అందకుండా చూసుకోండి.

రెండు హెచ్చరికలు కూడా చెప్పాలి. ఒకటి, ఇవి స్నేహితులకు బదులు కావు. తోడు దొరికిన రోజు బయటికే పంపండి. రెండోది, ఇది మందు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో 'గేమింగ్ డిజార్డర్' కూడా ఉంది, ఆ జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆట మీద అదుపు పోవడం, మిగతా అన్ని పనులకన్నా ఆటే ముఖ్యమవడం, నష్టం జరుగుతోందని తెలిసినా ఆపలేకపోవడం దాని లక్షణాలు. మామూలుగా ఏడాది పాటు ఇలా కొనసాగితేనే ఆ పేరు పెడతారు. అందువల్ల సాయంత్రం గంటసేపు ఆడే పిల్లలందరికీ ఆ ముద్ర వేయకండి. నిద్ర, తిండి, బడి నిజంగా దెబ్బతింటుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, గోళీల దగ్గర ఆగిపోకండి.

ఆ బాబు సంగతి

నా బ్రెయిన్‌విటాను తెచ్చి క్లాసులో వెనక బల్ల మీద పెట్టాను. లంచ్ బ్రేక్‌లో ఎవరైనా ఆడవచ్చు. ఒక్కటే షరతు: ఎన్ని మిగిలితే అన్నని పక్కనున్న పుస్తకంలో రాయాలి. మొదటి రెండు రోజులు పుస్తకం నిండా ఒకట్లే. నేనేమీ అనలేదు. మూడో రోజు ఒకరు ఆరు అని రాశారు. ఆ తర్వాత ఐదు, నాలుగు, ఏడు కనబడటం మొదలైంది. ఆ మొదటి ఆరు రాసింది వాడే.

వాడు ఫోన్ మానేశాడని చెప్పను. మానలేదు. మొన్నటి పీటీఎంలో వాళ్ళమ్మగారు "ఇప్పటికీ ఆడతాడు మేడమ్, కాకపోతే అన్నం తినేటప్పుడు పక్కన పెడుతున్నాడు" అన్నారు. ఇంట్లో గచ్చు మీద గళ్ళు గీసి నాయనమ్మకు కూడా నేర్పాడట. ఆవిడకు మూడు మిగిలాయట, వాడికి ఇంకా నాలుగే.

నేనూ పూర్తిగా మానలేదు. ఆదివారాలు ఆడతాను. బస్‌లో మాత్రం ఫోన్ బ్యాగ్‌లోనే ఉంటోంది. వెనక సీట్లో ఎవరున్నారో నాకు తెలుసు కదా. బ్రెయిన్‌విటాలో ఒక్క గోళీ మిగలడానికి నాకు ఇంకో పదకొండు రోజులు పట్టింది. ఈసారి జరపలేదు.

వచ్చే పీటీఎంకి మా క్లాసుకి వచ్చినప్పుడు వెనక బల్ల మీద బోర్డు, పుస్తకం ఉంటాయి. మీ వంతు వచ్చేదాకా ఖాళీగా కూర్చోకుండా ఒక ఆట ఆడి, ఎన్ని మిగిలాయో రాయండి. ఆ పేజీలు మీ పిల్లలు తిరగేసి చూస్తారు.